పురుగుల మాత్రయు, దానితో చెప్పు పాఠమును

ఫిబ్రవరి 10వ తేదీనాడును, ఆగస్టు 10వ తేదీనాడును మన పాఠశాలలలో మధ్యాహ్న భోజనమైన పిమ్మట పిల్లలను వరుసగా కూర్చుండబెట్టి, ఒక్కొక్కరి చేతిలో ఒక మాత్ర పెట్టి, నమిలి మ్రింగుమని చెప్పుదురు. ఆ మాత్ర ఆల్బెండజోల్. మోతాదు 400 మిల్లీగ్రాములు. 2015లో పదునొకండు రాష్ట్రములలోను, కేంద్రపాలిత ప్రాంతములలోను ఆరంభమై, మరుసటి సంవత్సరము దేశమంతటికిని వ్యాపించిన ఈ కార్యక్రమము ఒకటి మొదలు పందొమ్మిదేండ్ల వరకు గల బాలబాలికల కొరకు ఏర్పడినది. తెలుగున దీనికి నులిపురుగుల నివారణ దినమని పేరు.

మాత్రతోపాటు ఒక పాఠము కూడ చెప్పబడును. చేతులు కడుగుకొనుడు, గోళ్లు కత్తిరించుకొనుడు, మూతలేని తినుబండారములు తినకుడు, ఈ మాత్రతో పురుగులు పోవును, రక్తహీనత పోవును, చదువు బాగుగా వచ్చును - ఇది ఆ పాఠసారము. ఈ వ్యాసమున నేను విమర్శింప బూనినది మాత్రను కాదు, ఈ పాఠమును. మాత్ర మంచిది. దానిని గూర్చి మనము చెప్పుచున్న మాటలలో కొన్ని తప్పు, కొన్ని అతిశయోక్తి, చెప్పవలసినవి కొన్ని చెప్పనే లేదు. ఈ లోపము పట్టణములలో అంతగా బాధింపకపోవచ్చును గాని, కొండ ప్రాంతములలో బాధించును.

పాచిపెంట మండలమును తీసికొందము. 2022 ఏప్రిల్ వరకు విజయనగరము జిల్లాలో నుండి, తరువాత పార్వతీపురం మన్యము జిల్లాలో చేరిన మండలమిది. సాలూరునుండి కోరాపుట్టు పోవు ఘాటు రోడ్డు ఈ మండలముననే కొండ నెక్కును. క్రింద పెద్దగెడ్డ జలాశయపు నీటితో పండు వరి మళ్లు. పైన జాతాపులు, కొండదొరలు, గదబలు మొదలగువారి గూడెములు, పోడు చేలు, జీడిమామిడి తోటలు. వర్షాకాలమంతయు అక్కడి నేల తడిగాను, చెట్ల క్రింద నీడగాను ఉండును. పొలము పని చేయువారు పాదరక్షలు విప్పియే చేయుదురు. ఊరికి దూరముగా చెట్ల చాటునకు బహిర్భూమికి పోవుటయు, ఆ దారినే కట్టెలకును, నీటికిని పోవుటయు చాలచోట్ల వాడుక. ఈ నాలుగు సంగతులును ఒకచోట కూడినప్పుడు ఏ పురుగునకు అనుకూలమో వైద్యశాస్త్రము నూరేండ్లకు పూర్వమే చెప్పినది. అది నులిపురుగు కాదు.

ఇక్కడనే మన మొదటి తప్పున్నది: పేరులో. తెలుగువారు నులిపురుగని పిలుచునది సన్నని తెల్లని దారపు ముక్కవలె ఉండి, రాత్రివేళ మలద్వారము చుట్టు దురద పుట్టించు పురుగు. దాని శాస్త్రీయ నామము ఎంటెరోబియస్. అది పిల్లలను విసిగించును, నిద్ర చెరచును గాని, ప్రాణము మీదికి తెచ్చునది కాదు. బడిలో మాత్ర ఇచ్చుట ప్రధానముగా దీనికొరకు కాదు. వేరు మూడింటి కొరకు: వానపామువలె జేనెడు పొడవు పెరుగు ఏలికపాము, కొరడావలె ఒక చివర సన్నమై మరియొక చివర లావుగా నుండు కొరడాపురుగు, అంగుళములో సగము కూడ లేని కొంకిపురుగు. ఈ మూడును నేల ద్వారమున వ్యాపించునవి. వీని గుడ్లు మలముతో వెలువడి, మట్టిలో కొన్నాళ్లు మాగినగాని మరియొకరికి అంటవు. నులిపురుగు గుడ్డునకు మట్టితో పనియే లేదు. గోటి సందునుండి నోటికి, పక్కగుడ్డలనుండి చేతికి పోవుచుండును.

పేరు ఏదైన నేమి, మందు ఒక్కటే గదా యని అడుగవచ్చును. పేరును బట్టియే పాఠము పుట్టినది. నులిపురుగునకు చేతులు కడుగుట, గోళ్లు తీయుట సరియైన మందు. ఏలికపాము, కొరడాపురుగు గుడ్లు కూడ మట్టి చేతులతోను, కడుగని కూరలతోను నోటిలోనికి పోవునవి గనుక వానికిని ఆ పాఠము వర్తించును. కొంకిపురుగు నోటి ద్వారమున రావలెనను నియమము లేదు; అది ముఖ్యముగా పాదము ద్వారమున వచ్చును. పోస్టరులలో "చెప్పులు ధరింపుడు" అను మాట ఉండకపోలేదు. కాని అది చివరివరుసలో ఒక శుభ్రతానియమముగా నుండును, ఎందుకో చెప్పబడదు. ఎందుకో చెప్పని నియమమును పిల్లవాడు ఉపాధ్యాయుని ఎదుట మాత్రమే పాటించును.

ఈ పాదప్రవేశము కనుగొనబడిన కథ విద్యార్థులకు చెప్పదగినది. కైరో నగరమున ఆర్థర్ లూస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు పందొమ్మిదవ శతాబ్ది చివర ఈ పురుగు పిల్లలను పరిశోధించుచుండగా, అవి ఉన్న నీటిబొట్టు ప్రమాదవశమున అతని చేతిమీద పడెను. చర్మము మంటపెట్టి ఎఱ్ఱబారెను. కొన్ని వారములకు అతని మలములోనే కొంకిపురుగు గుడ్లు కనబడెను. నోటిలో ఏమియు పెట్టుకొనకయే పురుగు కడుపు చేరినది! తరువాత పరిశోధనల వలన దాని ప్రయాణ మార్గము తేటపడినది. తడి మట్టిలో గుడ్డు పగిలి వెలువడిన పిల్ల సుమారు వారము దినములలో చర్మమును దూయుటకు శక్తి గలదగును. పాదము వ్రేళ్ల సందున దూరి, రక్తముతో గుండెకు, అచటనుండి ఊపిరితిత్తులకు చేరి, గాలిగొట్టముగుండ గొంతు నెక్కి, మ్రింగుడుపడి చిన్నప్రేగు చేరును. అక్కడ లోపలి పొరను కొరికి పట్టుకొని రక్తము పీల్చును. చర్మము దూరిననాటినుండి గుడ్లు పెట్టునాటికి ఐదారు వారములు. మన్యములో వానకాలపు పనులలో పాదముల వ్రేళ్ల మధ్య వచ్చు దురద పొక్కులలో కొన్ని ఈ ప్రవేశద్వారములే కావచ్చును. వానిని "బురద పుండ్లు" అని త్రోసివేయరాదు.

ఎంత రక్తము పీల్చును? ఇది లెక్కవేసి చూపదగిన విషయము. ఈ పురుగులలో రెండు జాతులు కలవు. నెకాటర్ అను జాతి ఒక్కొక్కటి దినమునకు సుమారు 0.03 మిల్లీలీటరు, ఆంకైలోస్టోమా అనునది సుమారు 0.15 మిల్లీలీటరు రక్తము నష్టపరచును. దక్షిణ భారతమున నెకాటరే హెచ్చు. నూరు నెకాటరు లున్న పిల్లవానికి దినమునకు 3 మిల్లీలీటరులు, నెలకు 90 మిల్లీలీటరులు పోవును. రెండవ జాతివి నూరున్నచో నెలకు 450 మిల్లీలీటరులు. రక్తదానము చేయు ఆరోగ్యవంతుడైన పెద్దవానినుండి ఒక మారు తీయునది 350 మిల్లీలీటరులని గుర్తుంచుకొన్నచో దీని భావము తెలియును. పోయిన ఇనుములో కొంత ప్రేగు మరల గ్రహించుమాట నిజమే. కాని గంజియు, చోడి అంబలియు తిని పెరుగు బిడ్డకు ఆ మిగిలిన నష్టమే పెద్దది. పది పురుగులున్న వానికి ఏ బాధయు తెలియకపోవచ్చును. కనుక "పురుగులున్నవా లేవా" అనుటకంటె "ఎన్ని ఉన్నవి" అనునదియే అసలు ప్రశ్న. 1920ల దశకమున కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయమున నుండి మన దేశపు కొంకిపురుగులను గూర్చి వరుస వ్యాసములు వ్రాసిన ఆసా చాండ్లరు నొక్కి చెప్పిన సంగతి ఇదియే. మన పాఠములలో ఇప్పటికిని ఇది చోటుచేసికొనలేదు.

ఇక మందు. పూర్వకాలపు "పాముల మందు" అన్న భయమేల పుట్టినదో ముందు చెప్పవలెను. కొండలలోని ముసలివారికి ఆ భయమింకను పోలేదు. ఒకప్పుడు వాడిన సాంటోనిన్ అను మందు తిన్నవారికి లోకమంతయు పసుపుపచ్చగా కనబడెడిది. చీనోపోడియం తైలము మోతాదు కొంచెము హెచ్చినచో ప్రాణము తీసెడిది. 1921లో మారిస్ హాల్ అను అమెరికా దేశపు పశువైద్య శాస్త్రజ్ఞుడు కొంకిపురుగులకు కార్బన్ టెట్రాక్లోరైడు పనిచేయునని చూపెను. అది లక్షలమందికి ఈయబడినది. కాలేయము చెడి మరణించినవారును కలరు, అందును సారా త్రాగువారు హెచ్చు. ఇవి ఇచ్చునాడు ఉపవాసము, తరువాత పేదిమందు - ఇంత హంగామా కావలసియుండెను. ఈనాటి ఆల్బెండజోల్ ఆ కోవలోనిది కాదు. 1970ల దశకమున పశువుల మందుగా పుట్టి, 1980ల దశకమున మనుష్యుల వాడుకకు వచ్చినది. పురుగు కణములలోని ట్యూబులిన్ అను ప్రోటీనునకు అంటుకొని, కణమునకు కావలసిన సూక్ష్మనాళికలు కట్టుబడకుండ చేయును. పురుగు గ్లూకోజును గ్రహింపలేక శక్తి ఉడిగి చచ్చును. ప్రేగునుండి మన రక్తములోనికి పోవునది బహు స్వల్పము గనుక, ఒక్క మోతాదు వలన మనకు కలుగు బాధ తక్కువ. కడుపునొప్పి, వికారము, ఒకటి రెండు విరేచనములు, తల తిరుగుట - ఇవి కొందరికి వచ్చి ఒకదినములో పోవును. పురుగులు హెచ్చుగా నున్నవారిలోనే ఇవి ఎక్కువగా కనబడును. ఉపవాసముతోను, ఆముదముతోను పనిలేదు.

అయినను "ఈ మాత్రతో పురుగులు పోవును" అను వాక్యము తప్పు. ఏ పురుగులు? 2008లో జెన్నిఫర్ కైజరు, యూర్గ్ ఉట్జింగరు అను శాస్త్రజ్ఞులు అప్పటివరకు జరిగిన పరీక్షలన్నిటిని కూర్చి ప్రచురించిన లెక్క ఇట్లున్నది. ఒక్క మోతాదు ఆల్బెండజోల్ వలన ఏలికపాములు నూటికి 88 మందిలోను, కొంకిపురుగులు 72 మందిలోను పూర్తిగా పోయినవి. కొరడాపురుగులు మాత్రము 28 మందిలోనే పోయినవి. దుకాణములలో దానికి తోబుట్టువుగా అమ్మబడు మెబెండజోల్ ఒక్క మోతాదు ఏలికపాములకు 95 మందిలో పనిచేసినది గాని, కొంకిపురుగులకు 15 మందిలోనే పనిచేసినది! రెండు మందుల పేర్లును "బెండజోల్" అనియే ముగియును, రెండును "పురుగుల మాత్ర"లే, ధరయు స్వల్పమే. పాచిపెంటవంటి చోట కొంకిపురుగు లున్న బిడ్డకు ఆ రెండవ మాత్ర ఒకటి కొని వేసి, పని అయిపోయినదని తల్లి నిశ్చింతగా నుండినచో, నూటికి ఎనుబదియైదు పాళ్లు ఆమె మోసపోయినట్లే. మోసము చేసినవారెవరును లేరు. చెప్పినవారు లేరు, అంతే. ఇక పందిమాంసమువలన వచ్చు బద్దెపురుగు వీని వరుసలోనిదే కాదు. దానిని పోగొట్టుటకు ప్రాజిక్వాంటెల్, నిక్లోసమైడు అను వేరు మందులు కలవు. ఆల్బెండజోల్ ఒక్క మోతాదు నమ్మదగినది కాదు.

ఇప్పుడు మందుల దుకాణమునకు పోదము. సంతకు దిగివచ్చిన తల్లి, "గుంటడికి కడుపులో పాములున్నాయి బాబూ, మందియ్యి" అనును. "ఇదిగోనమ్మా, రేతిరి పడుకునే ముందు వెయ్యి" అని దుకాణదారు ఒక మాత్రయో, పది మిల్లీలీటరుల సీసాయో ఇచ్చును. బిడ్డ వయస్సెంత, బరువెంత, ఏ పురుగు, మూర్ఛలున్నవా, బడిలో మొన్ననే మాత్ర వేసినారా - ఈ ప్రశ్నలలో ఒకటియు పుట్టదు. చట్టప్రకారము ఈ మందు ఇట్లు అమ్మదగినదేనా? ఔషధ నిబంధనలలో "హెచ్" షెడ్యూలని ఒక పట్టిక కలదు. అందులోని మందులను వైద్యుని చీటీ మీదనే అమ్మవలెను. ఆల్బెండజోల్ ఆ పట్టికలోనే యున్నది. వాడుకలో మాత్రము అడిగినవారికి ఇచ్చు మందే. బ్రిటనులో నులిపురుగునకు మెబెండజోల్, అమెరికాలో పైరాంటెల్ చీటీలేకయే దొరకును. అక్కడ ఆ పెట్టెమీద ఏ పురుగునకో, ఏ వయస్సువారికో, ఎవరు వాడరాదో వాడుకభాషలో అచ్చువేసియుండును. మన మాత్రల రేకు మీదనో, పొడిలో పొడి ఇంగ్లీషు అక్షరములు. చట్టము చీటీ కావలెనని ఊరకున్నది, దుకాణము చీటీ అడుగకున్నది, రేకు ఏమియు చెప్పకున్నది. ముగ్గురి నడుమ తల్లి నిలిచియున్నది. ఈ ఖాళీని పూరింపగలవాడు ఆ ఊరిలో బడి ఉపాధ్యాయుడొక్కడే. కనుకనే ఈ వివరములు ఇక్కడ వ్రాయుచున్నాను.

ఏడాది నిండని బిడ్డకు వైద్యుడు చెప్పక ఈయరాదు. ఏడాదికిని రెండేండ్లకును నడుమ సగము మాత్ర, అనగా 200 మిల్లీగ్రాములు. ఆపైన ఒక మాత్ర. మూడేండ్ల లోపు బిడ్డకు మాత్రను రెండు చెంచాల నడుమ పొడిచేసి నీటితో కలిపి పట్టవలెను. పెద్దపిల్లలైనను నమిలి మ్రింగవలెను. ఏడ్చుచున్న బిడ్డను వెల్లకిల పండబెట్టి, ముక్కు మూసి మాత్ర వేయుట మన ఇండ్లలో చూచునదే. మందుకంటె ఆ పద్ధతియే ప్రమాదకరము. మాత్ర గొంతున అడ్డుపడి ఊపిరాడక పసిబిడ్డలు చనిపోయిన సంఘటనలు కలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమున ప్రత్యేకముగా హెచ్చరించుచున్నది. సీసా మందులో సాధారణముగా 5 మిల్లీలీటరులకు 200 మిల్లీగ్రాములుండును. అనగా పది మిల్లీలీటరుల సీసా మొత్తము పెద్దపిల్లవాని మోతాదు, రెండేండ్ల లోపువానికి సగమే. "చిన్న సీసాయే గదా" యని మొత్తము పట్టరాదు.

జ్వరముతోనో మరియొక జబ్బుతోనో ఉన్న బిడ్డకు ఆ దినమున ఈయక, బాగుపడిన పిమ్మట ఈయవలెను. గర్భముదాల్చిన మొదటి మూడు మాసములలో ఈ మందు కూడదు. పందొమ్మిదేండ్ల లోపుననే వివాహమైన బాలికలు మన్యమున ఉండుట ఎల్లరెరిగినదే. వారిని వరుసలో నిలిపి అందరి ఎదుట అడుగుట సాధ్యము కాదు గనుక, ఆ ప్రశ్న ఆరోగ్య కార్యకర్త్రి చాటుగా అడుగవలసినది.

మూర్ఛల విషయము కొంత విపులముగా చెప్పవలెను. పందులు ఇండ్ల చుట్టు తిరుగు గ్రామములలో బద్దెపురుగు గుడ్లు మనుష్యుల మలమునుండి నీటికిని, కూరలకును చేరి, వానిని మ్రింగినవారి మెదడులో చిన్న తిత్తులుగా ఏర్పడుట కలదు. పందిమాంసము ఎన్నడును ముట్టనివారికిని ఇది రావచ్చును. ఆల్బెండజోల్ మెదడులోని ఆ తిత్తుల మీద కూడ పనిచేయును. తిత్తి చచ్చునప్పుడు దానిచుట్టు వాపు పుట్టి, తలనొప్పియో మూర్ఛయో రావచ్చును. అందుకే వైద్యులు ఈ వ్యాధికి అదే మందును ఆసుపత్రిలో, వాపు తగ్గించు మందుల రక్షణతో ఇచ్చుదురు. ఒక్క మోతాదుతో ఇట్లగుట అరుదు; కాని ఎప్పుడైన మూర్ఛ వచ్చిన పిల్లవాడు బడిలోనున్నచో వానికి మాత్ర ఈయక ముందు వైద్యునికి చూపవలెను. మూర్ఛ మందులలో ఫెనిటాయిన్, కార్బమజపైన్, ఫినోబార్బిటాల్ అనునవి రక్తములో ఆల్బెండజోల్ బలమును తగ్గించుననియు ఉపాధ్యాయు డెరిగియుండుట మంచిది.

మాత్ర వేసిన తరువాత పురుగులు పడలేదని తల్లులు మరల మరల వేయుట ఇంకొక పొరపాటు. ఏలికపాములు పడినచో కంటికి కనబడును. కొంకిపురుగులు అంగుళములో సగము కూడ లేని సన్నని పోగులు, వెదకినను దొరకవు. పడలేదనుట పనిచేయలేదనుటకు గుర్తు కాదు. వరుసగా దినదినము ఈ మందు తిన్నచో కాలేయమునకును, ఎముకల మూలుగకును హాని కలుగవచ్చును. వారముల తరబడి ఇచ్చునప్పుడు వైద్యులు రక్తపరీక్షలు చేయించుచుందురు. ఒక్క నులిపురుగు విషయముననే రెండు వారములకు రెండవ మోతాదు వేయుటయు, ఇంటిల్లిపాదియు ఒకే దినమున తినుటయు పద్ధతి. ఏలయన గుడ్లమీద మందు పనిచేయదు. ఆల్బెండజోలుతో ఐవర్‌మెక్టిన్ కలిపిన మాత్రలు కూడ దుకాణములలో నున్నవి. పదునైదు కిలోల లోపు పిల్లలకు ఐవర్‌మెక్టిన్ ఈయరు గనుక, రేకుమీద రెండు పేర్లున్నచో కొనక వైద్యు నడుగవలెను. కడుపు ఉబ్బి, గట్టిపడి, వాంతులగుచు, విరేచనము బందైన పిల్లవానికి ఇంటివద్ద ఏ పురుగులమందును వేయరాదు. ఏలికపాములు ముద్దగట్టి ప్రేగునకు అడ్డుపడియుండవచ్చును. అది ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలసిన స్థితి.

ఇక "రక్తహీనత పోవును, చదువు వచ్చును" అను వాగ్దానము. ఈ విషయమున శాస్త్రజ్ఞులలో పెద్ద వివాదమే నడచినది. మన పాఠములో దాని జాడలేదు. కెన్యా దేశమున బుసియా ప్రాంతమున 75 పాఠశాలలలో 1998 నుండి జరిగిన పరిశోధన ఫలితములను ఎడ్వర్డ్ మిగెల్, మైకేల్ క్రీమర్ అనువారు 2004లో ప్రచురించిరి. మందిచ్చిన బడులలో గైరుహాజరు నాల్గవవంతు తగ్గెనని వారు చెప్పిరి. లోకమంతట పురుగుల కార్యక్రమములకు ఇది గొప్ప ఊతమిచ్చినది. క్రీమరుకు 2019లో అర్థశాస్త్రపు నోబెల్ బహుమానమున భాగము లభించినది. 2015లో లండను శాస్త్రజ్ఞులు అవే లెక్కలను మరల పరిశీలించి, కొన్ని పొరపాట్లు చూపి, ఆ నిర్ణయమంత గట్టిది కాదనిరి. మన దేశముననే, ఉత్తర ప్రదేశమున 72 బ్లాకులలో సుమారు పది లక్షలమంది పసిపిల్లలకు ఐదేండ్లపాటు ఆరు మాసముల కొకసారి ఆల్బెండజోల్ ఇచ్చి చూచిన పరీక్ష 2013లో ప్రచురింపబడినది. పిల్లల బరువులోగాని, మరణములలోగాని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అన్ని పరీక్షలను కలిపి తూచిన కాక్రేన్ సమీక్ష 2015లోను, మరల 2019లోను, అందరికిని మాత్ర పంచుటవలన సగటు బరువు, రక్తపు హెమోగ్లోబిన్, బుద్ధిపరీక్షల మార్కులు పెరుగుట అంతగా లేదని తేల్చినది. మరియొక ప్రక్క, కెన్యా పిల్లలను ఇరువది యేండ్ల తరువాత వెదకి చూచినవారు వారి సంపాదన కొంత హెచ్చుగా నున్నదని 2021లో వ్రాసిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017 నాటి సూచనలలో నూటికి ఇరువదిమందికి మించి పురుగులున్న ప్రాంతములలో ఏడాది కొకసారి, ఏబదిమందికి మించినచోట రెండుసారులు మాత్ర ఇచ్చుటయే మేలని నిలిచినది.

నా అభిప్రాయమున ఇందు వైరుధ్యము పైకి కనబడునంత లేదు. సగటు అనునది పురుగులు లేనివానిని, నూరున్నవానిని కలిపి తూచును. పురుగులు హెచ్చుగా నున్న కొద్దిమందికి మందు మేలుచేయుటలో ఎవరికిని సందేహము లేదు. ఆ కొద్దిమంది ఎవరో తెలియదు గనుక అందరికిని ఇచ్చుచున్నాము. పిల్లలకు ఇట్లే చెప్పిన తప్పేమి? "అందరి చదువును దీనితో బాగుపడును" అని చెప్పి, ఆరు నెలలకు బిడ్డ అట్లే పాలిపోయి యున్నచో, కొండమీది తల్లి తరువాతి మాత్రను నమ్మదు. ఆమె బిడ్డ పాలిపోవుటకు మలేరియా, సికిల్ సెల్ వ్యాధి, తిండిలో ఇనుము లేకుండుట మొదలైన కారణములు మన్యమున వేరుగా నున్నవి. పురుగు చచ్చినంత మాత్రమున పోయిన ఇనుము తిరిగిరాదు. దానికి బడిలో వారమున కొకసారి ఇచ్చు ఇనుపధాతువు మాత్ర వేరే కలదు. ఒకదానికి మరియొకటి బదులని పిల్లలు అనుకొనుచున్నారు. రెండును "బడి మాత్ర"లే గదా!

పోయిన పురుగులు మరల వచ్చు వేగము కూడ చెప్పదగినదే. 2012లో ప్రచురింపబడిన ఒక సమీక్ష ప్రకారము, మందు తిన్న ఆరు మాసములకు ఏలికపాముల వ్యాప్తి మునుపటి దానిలో 68 శాతమునకును, కొంకిపురుగులది 55 శాతమునకును తిరిగి చేరును; ఏడాదికి అవి క్రమముగా 94, 57 శాతములు. ఏలికపాము ఆడుది దినమునకు రెండు లక్షల గుడ్లు పెట్టును; ఆ గుడ్లు మట్టిలో సంవత్సరములు బ్రతుకును. కొంకిపురుగు పిల్లలు ఎండకు ఆగవు. తడి నీడలో మాత్రము కొన్ని వారములుండును. మరుగుదొడ్డి లేని బడి, ఉన్నను నీరు లేక తాళమువేసిన బడి, మాత్ర పంచిన మరునాటినుండియే మరల పురుగుల చేనుగా మారుచుండును. ఇంకొక వింత. తరగతి శుభ్రముగా నుండవలెనని చెప్పులు బయట విడిపించుదుము, మంచిదే. మధ్యాహ్నపు విరామమున పిల్లలు ఆ చెప్పులు వరండాలోనే విడిచి, వట్టికాళ్లతో చెట్ల చాటునకు పరుగెత్తుదురు. చెప్పులు ధరింపుడను పోస్టరు గోడమీద నుండును.

ఫిబ్రవరి నెలలో కొండచీపుళ్ల కోతకును, చింతపండు రాల్చుటకును, ఆగస్టులో పోడు కలుపునకును పెద్దవారితో పోవు పిల్లలు ఆ పదవ తేదీన బడిలో నుండరు. తడినేలలో వట్టికాళ్లతో అందరికంటె ఎక్కువ తిరుగువారు వారే. మాత్ర అందనివారును వారే. వారికొరకు వారము దినములకు మరల ఒకనాడు మాత్రలు ఇచ్చు ఏర్పాటు కలదు. బడిలో చేరనివారికి అంగన్‌వాడిలో ఇచ్చుదురు. ఆ రెండవ దినమెప్పుడో బడి నోటీసు బోర్డు మీద వ్రాసినచో చదువవలసినవారు చదువరు. అంతకుముందు వచ్చు సంతలో దండోరా వేయించి, ఆ మాటతోనే "బడిలో వేసిన బిడ్డకు దుకాణములో మరల కొనవలదు" అనికూడ చెప్పించుట మేలు.